తుపాకీ దించితే సున్నా మార్కులు: బరంపురంలో ఒక వీఆర్ ఆటశాల

దసరా సెలవులకు పర్లాకిమిడి నుంచి బరంపురంలోని మా అన్నయ్య ఇంటికి వెళ్లినప్పుడు, ప్లస్ టూ చదువుతున్న మేనల్లుడూ తొమ్మిదో తరగతి చదువుతున్న మేనకోడలూ పట్టుబట్టి నన్నొక వర్చువల్ రియాలిటీ (వీఆర్) ఆటశాలకు, అంటే కళ్లను కప్పే తెర ఉన్న హెడ్‌సెట్ తలకు తగిలించుకుని కల్పిత లోకంలో ఆడే చోటికి తీసుకువెళ్లారు. ఆ ఆటశాల పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోవలసిన విషయాలతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి, వాటిలో సగం ఆ ఒక్క దుకాణానికి సంబంధించినవి కావు, ఆట తయారుచేసి అమ్మినవారికి సంబంధించినవి. బరంపురంలో ఉన్నవారికి చోటు ఏదో రెండు ఆనవాళ్లతోనే తెలిసిపోతుంది: కింద పట్టుచీరల దుకాణం, పైన రెండో అంతస్తులో ఒకప్పుడు బట్టల మూటలు నిల్వ ఉంచిన గోదాము.

ఆ గోదామునే ఖాళీ చేసి, నేల మీద రబ్బరు పరుపులు పరిచి, గోడలకు మెత్తటి తొడుగులు వేసి ఆటస్థలంగా మార్చారు. సుమారు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉంటుంది. ఒక విడతకు ఐదుగురు ఆడవచ్చు. మనిషికి 400 రూపాయలు, అరగంట సమయం, అందులో మొదటి పది నిమిషాలు హెడ్‌సెట్ సర్దుకోవడానికీ నేర్చుకోవడానికీ పోతాయి. గది మధ్యలో కదిలించడానికి వీల్లేని రెండు సిమెంటు స్తంభాలు ఉన్నాయి. వాటిని దాచలేక ఆటలోనే కలిపేశారు: హెడ్‌సెట్ పెట్టుకున్నాక ఆ రెండు స్తంభాలు నౌకలోని రెండు ప్రాణవాయువు తొట్లుగా కనిపిస్తాయి, చెయ్యి చాపితే నిజంగానే తగులుతాయి. ఇంత తెలివిగా లోపాన్ని పనికి తెచ్చుకున్న దుకాణం ఈ మధ్య నేను చూడలేదు.

మేము ముగ్గురమే కావడంతో మిగిలిన రెండు చోట్లలో మాకు పరిచయం లేని ఇద్దరు ఒడియా కుర్రవాళ్లను కలిపారు. మా వంతు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ముందే ఫోనులో సమయం తీసుకున్నవారికి కూడా ఇదే గతి అని పక్క బెంచీ మీద కూర్చున్న ఒక కుటుంబం చెప్పింది. ఆ నలభై నిమిషాలూ గోడ మీద అంటించిన ఆట బొమ్మను చూస్తూ మేనల్లుడు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "అత్తా, నిజంగా అంతరిక్షంలోకి తుపాకీలు తీసుకెళ్తారా?"

తీసుకువెళ్లారు. 1965 మార్చిలో సోవియట్ యూనియన్ అంతరిక్ష నౌక వోస్ఖోద్-2 అనుకున్న చోట దిగక ఉరల్ ప్రాంతపు మంచు అడవిలో దిగినప్పుడు, అందులోని వ్యోమగాములు అలెక్సీ లియోనోవ్, పావెల్ బెల్యాయెవ్ తోడేళ్లూ ఎలుగుబంట్లూ తిరిగే ఆ అడవిలో రెండు రాత్రులు గడపవలసి వచ్చింది. ఆ అనుభవం తరువాత సోవియట్ వ్యోమగాముల కోసం మూడు గొట్టాల టీపీ-82 అనే తుపాకీని తయారుచేశారు. 1980ల మధ్య నుంచి అది వారి అత్యవసర సామగ్రిలో భాగమైంది. అంటే అది నేల మీద దిగాక మృగాల కోసం, పైన మనుషుల కోసం కాదు. ఇక మనుషుల మధ్య వైరం కోసమే తీసుకువెళ్లిన ఆయుధం కూడా ఒకటుంది: 1974లో సోవియట్ యూనియన్ పంపిన సాల్యూట్-3 అంతరిక్ష కేంద్రానికి 23 మిల్లీమీటర్ల ఫిరంగి అమర్చారు. 1975 జనవరిలో లోపల ఎవరూ లేని సమయంలో, కేంద్రాన్ని కక్ష్య నుంచి దించివేసే ముందు, భూమి నుంచి ఆజ్ఞ పంపి దాన్ని పేల్చి చూశారు. ఫిరంగి దానంతట అది తిరగదు కనుక, గురి చూడాలంటే కేంద్రం మొత్తాన్నీ తిప్పవలసి వచ్చేది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం కక్ష్యలో అణ్వాయుధాలనూ సామూహిక విధ్వంసక ఆయుధాలనూ నిషేధించిందే తప్ప, మామూలు తుపాకుల గురించి ఏమీ అనలేదు. ఇది విన్నాక మేనల్లుడికి ఆట మీద ఆసక్తి ఇనుమడించింది, మేనకోడలికి మాత్రం ఎలుగుబంట్ల మీద.

ఆటలోని కథ ఇది. బృహస్పతి ఉపగ్రహం యూరోపా చుట్టూ తిరుగుతున్న ఒక పాత మంచు రవాణా నౌక ప్రమాద సంకేతం పంపింది. మనం ఐదుగురు సభ్యుల రక్షణ బృందం. మనకంటే ముందే పాడుబడిన నౌకల్లోని సామాను ఏరుకునే మరో ఐదుగురు అక్కడికి చేరారు. వారి దగ్గర ప్రాణవాయువు సీసాలు ఉన్నాయి, బయటకు పోయే తలుపు సంకేతసంఖ్య మన దగ్గర ఉంది. ఒకరిది ఒకరికి లేకపోతే రెండు బృందాలూ చస్తాయి. నౌక లోపలికీ బయటి శూన్యానికీ మధ్య ఉండే ఇరుకైన ఎయిర్‌లాక్ నడవాలో ఎదురుబొదురుగా నిలబడి, రెండు పక్షాలూ ఒకరి గుండె మీద ఒకరు తుపాకీ ఎక్కుపెట్టి ఉన్నాయి. గోడ మీద గడియారం పదకొండు నిమిషాల నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. భూమిని అడుగుదామంటే, బృహస్పతికీ భూమికీ మధ్య వెలుతురు ప్రయాణానికే 33 నుంచి 53 నిమిషాల దాకా పడుతుంది. ప్రశ్న పోయి జవాబు వచ్చేసరికి గంట దాటుతుంది. అంటే పై అధికారి లేడు, పోలీసు లేడు, పెద్దమనిషి లేడు. కథ రాసినవారు ఆ దూరాన్ని అలంకారానికి కాక, నడవాలో నిలబడ్డ పదిమందినీ ఒంటరివాళ్లను చేయడానికి వాడుకున్నారు. ఈ విషయంలో వారికి పూర్తి మార్కులు వేస్తాను.

ఆ ఘట్టం ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే 400 రూపాయలకు విలువ అక్కడే ఉంది. మన చేతిలో ఉండేది ప్లాస్టిక్ తుపాకీ. దాని ముందు భాగంలో కదలికలను పసిగట్టే పరికరం అమర్చారు. ఎదుటి బృందపు నాయకురాలు నెరిసిన జుట్టుతో, ఎడమ కన్ను కాస్త చిట్లించి, మన ముఖం వైపు కాదు, మన తుపాకీ మూతి వైపు చూస్తూ ఉంటుంది. మనం మూతిని నడుము కిందికి దించితే ఆమె భుజాలు కొద్దిగా సడలుతాయి. హఠాత్తుగా ఎత్తితే ఆమె వెనక ఉన్న నలుగురూ ఒకేసారి బిగుసుకుంటారు. మనలో ఎవరైనా పక్కకు జరిగి స్తంభం చాటుకు పోతే, వారిలో ఒకడు కూడా పక్కకు జరుగుతాడు. మాటలు ఆటకు అర్థం కావు; మనం ఏమి అరిచినా దానికి పట్టదు. దానికి తెలిసిన భాష చేతులది ఒక్కటే. ఈ సంగతి మొదటి రెండు నిమిషాల్లోనే అర్థమై, నేను ఊపిరి తీసుకునే తీరు కూడా మార్చుకున్నాను.

డిగ్రీ చదివే రోజుల్లో నేను ఎన్.సి.సి.లో ఉన్నాను. .22 రైఫిల్‌తో 25 మీటర్ల దూరంలోని అట్టముక్క మీద కాల్చడం నేర్పే ముందు, వారాల తరబడి మాకు నేర్పింది కాల్చకుండా ఉండడమే: ఖాళీ తుపాకీనైనా మనిషి వైపు తిప్పరాదు, కాల్చే క్షణం వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోరాదు, పక్కవాడితో మాట్లాడవలసి వస్తే మూతి నేల వైపే ఉండాలి. ముప్పై ఏళ్ల తరువాత ఆ ప్లాస్టిక్ తుపాకీని ఎదుటి బొమ్మ గుండె మీద గురిపెట్టి నిలబడినప్పుడు, అది బొమ్మ అని తెలిసి కూడా నా చూపుడువేలు దానంతట అదే పక్కకు నిటారుగా చాచుకుంది. మిగిలిన నలుగురి వేళ్లు ట్రిగ్గర్ల మీదే ఉన్నాయి. ఆ తుపాకులకు ట్రిగ్గర్ చుట్టూ ఉండవలసిన ఇనుప కడ్డీ లేదు, పేలకుండా ఆపే సేఫ్టీ మీట లేదు. ఇది చిన్న లోపం కాదు. మొదటి ఆట దీనివల్లే పోయింది.

అయితే దానికంటే ముందు ఆ ఘట్టాన్ని నిలబెట్టిన మనిషి గురించి చెప్పాలి. ఆటలోని సంభాషణలు ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఉన్నాయి. మాట్లాడే నాయకురాలి యాస మేనకోడలికి ఒక్క ముక్క ఎక్కలేదు. నిజానికి నాకూ సగమే ఎక్కింది. ఇది గమనించిన అక్కడి సహాయకుడు, ముప్పై ఏళ్ల లోపు యువకుడు, తన మైకు మీట నొక్కి, మా చెవుల్లోకి గంజాం తెలుగులో అనువదించడం మొదలుపెట్టాడు. "మేడం, ముందు మీరు దించీమంటంది. మీరు దించితే తనూ దించుతాదంట." వెంటనే అదే మాటను మాతో ఉన్న కుర్రవాళ్ల కోసం ఒడియాలో మళ్లీ చెప్పాడు. ఆమె ఒక వాక్యం అంటుంది. అది మాకు చేరడానికి మూడు నాలుగు క్షణాలు పడుతుంది. ఆ మూడు నాలుగు క్షణాలూ ఆమె ఏమన్నదో తెలియకుండా, బెదిరించిందో బతిమాలిందో తెలియకుండా, ఆమె తుపాకీకి ఎదురుగా నిలబడాలి. ఆట తయారుచేసినవారు ఎంత డబ్బు పోసినా కొనలేని ఉద్వేగం అది, బరంపురంలో తెలుగు, ఒడియా రెండూ ఇంటి భాషలుగా పెరిగిన కుర్రవాడు ఊరికే ఇచ్చాడు. నా ఎడమపక్క ఒడియా కుర్రవాడు "టికే రుహ, టికే రుహ" అంటూ, కాస్త ఆగండని తనకు తానే చెప్పుకుంటున్నాడు. కుడిపక్క నుంచి మేనకోడలు "అత్తా, చెయ్యి లాగేస్తోంది" అంది.

చెయ్యి లాగడం కూడా ఈ ఆటలో మంచి విషయమే. ప్లాస్టిక్ తుపాకీ లోపల బరువు కోసం ఏదో నింపారు. రెండు కిలోలకు తక్కువ ఉండదు. మన సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిల్ ఖాళీగానే నాలుగు కిలోలకు పైగా ఉంటుంది కనుక ఇది అందులో సగం, అయినా ఎత్తి పట్టుకుని నిలబడితే మూడో నిమిషంలో భుజం, నాలుగో నిమిషంలో మణికట్టు మొరపెట్టుకుంటాయి. తెర మీద కథానాయకులు గంటల తరబడి గురిపెట్టి సంభాషణలు చెప్పడం చూసి పెరిగిన పిల్లలకు, తుపాకీ ఎత్తడం కంటే ఎత్తి ఉంచడం కష్టమని ఇక్కడ తెలుస్తుంది. నాలుగో నిమిషంలో మేనకోడలి చెయ్యి వణికింది, వేలు బిగిసింది, తుపాకీ పేలింది. ఆ తరువాత రెండు నిమిషాల్లో పదిమందీ చచ్చారు.

కాల్చనంతసేపూ ఆ ఆటకు భౌతికశాస్త్రం గుర్తుంది. కాల్చిన మరుక్షణం మరిచిపోయింది. నేను పాఠాలు చెప్పే మనిషిని కనుక ఈ భాగం మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, తొందర ఉన్నవారు రెండు పేరాలు దాటుకోవచ్చు. ముందుగా సరిగ్గా ఉన్నవి. నౌకలో అందరూ నేల మీద నడవడానికి అయస్కాంతపు బూట్లే కారణమని చెప్పారు, అడుగు తీసినప్పుడు టక్కున ఊడిన శబ్దం కూడా పెట్టారు. బయటి తలుపు తెరుచుకున్న ఘట్టంలో గాలి పోవడంతో పాటు శబ్దం కూడా పోతుంది. ఆ తరువాత మనకు వినిపించేది మన ఊపిరి, మన బూట్ల ద్వారా పాకివచ్చే అదురు మాత్రమే. గాలి లేని చోట తుపాకీ పేలదు కదా అని మేనల్లుడు వాదించాడు గాని, తూటాలోని మందులోనే దానికి కావలసిన ఆక్సిజన్ ఉంటుంది, శూన్యంలో కూడా పేలుతుంది. ఆటలో కూడా అలాగే పేలింది.

ఇక తప్పినవి. తుపాకీ పేల్చినవాడు వెనక్కి పది అడుగులు ఎగిరిపడ్డాడు. ఎనిమిది గ్రాముల తూటా క్షణానికి 400 మీటర్ల వేగంతో పోతే, మనిషీ వ్యోమగామి తొడుగూ కలిపి 160 కిలోలు అనుకుంటే, ద్రవ్యవేగ నియమం ప్రకారం అతడు వెనక్కి పోయేది క్షణానికి రెండు సెంటీమీటర్లు. నేల అంటకుండా తేలుతున్నా పది అడుగులు పోవడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. తూటా అతని బరువు మధ్య బిందువు మీదుగా పోకపోతే మెల్లగా గిరగిరా తిరుగుతాడు కూడా. అలా నిస్సహాయంగా, నెమ్మదిగా, ఆపుకోలేక వెనక్కి జారిపోవడం ఎగిరిపడటం కంటే ఎంత భయంకరంగా ఉండేదో వారికి తట్టలేదు. రెండోది, ఒక్క తూటా గోడకు రంధ్రం చేయగానే ఇద్దరు మనుషులు ఆ రంధ్రం వైపు ఈడ్చుకుపోయారు. వంద ఘనపు మీటర్ల గదికి తొమ్మిది మిల్లీమీటర్ల రంధ్రం పడితే, లోపలి పీడనం మూడో వంతు చేరువకు పడిపోవడానికి నా లెక్కన రెండు గంటలకు పైగా పడుతుంది. 2018 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అనుసంధానమై ఉన్న సోయుజ్ నౌకలో రెండు మిల్లీమీటర్ల రంధ్రం బయటపడినప్పుడు, సిబ్బంది దాన్ని వెతికి పట్టుకుని, టేపు అంటించి, ఎపాక్సీ జిగురుతో పూడ్చారు. మూడోది, శూన్యంలో ఆకుపచ్చ లేజరు గీతలు పక్క నుంచి కనిపించాయి, వాటిని చూసి జనం తప్పించుకున్నారు. వెలుతురు మన కంట్లో పడాలంటే మధ్యలో దుమ్మో పొగో ఉండి దాన్ని చెదరగొట్టాలి. ఏమీ లేని చోట లేజరు కిరణం పక్కవాడికి కనిపించదు, కనిపించినా అంత వేగాన్ని చూసి తప్పించుకునే మనిషి లేడు.

ఇవన్నీ పంతులమ్మ చాదస్తమని మా అన్నయ్య అన్నాడు. కావచ్చు. కాని నడవాలో ఉన్నంతసేపూ ఒక్క తూటా పేలితే గోడకు చిల్లు పడుతుంది, గాలి పోతుంది అన్న భయంతోనే ఆ ఘట్టం నిలబడింది. ఆ చిల్లును గంటసేపు పూడ్చుకోవలసిన పోరాటంగా కాక, రెండు క్షణాల మాయగా చూపించేసరికి, అంతవరకు మనం పడ్డ భయమంతా వృథా అయినట్టు అనిపించింది. శబ్దాల విషయంలో మేనల్లుడిది ఇంకో ఫిర్యాదు. గోపాల్‌పూర్ దగ్గర సైన్యపు వాయురక్షణ కళాశాల ఉంది. అక్కడ సముద్రం వైపు గురిచూసి జరిపే ఫిరంగి అభ్యాసపు మోతను వాడు తీరంలో నిలబడి చాతీలో విన్నవాడు. ఈ ఆటలోని పేలుళ్లు దీపావళి సీమటపాకాయల్లా ఉన్నాయని తేల్చేశాడు.

కాల్పులు మొదలయ్యాక నాకు కడుపులో తిప్పింది. దీనికి కారణం నా వయసు కాదని ముందుగా మనవి చేసుకుంటాను, ఒడియా కుర్రవాళ్లలో ఒకడు కూడా హెడ్‌సెట్ తీసి కూర్చున్నాడు. నౌక గిరగిరా తిరుగుతున్నట్టు కన్ను చెబుతుంది, తిరగడం లేదని చెవి లోపలి సమతుల్య అవయవం చెబుతుంది. ఆ రెండు సాక్ష్యాలు కుదరకపోతే కడుపు తిరుగుతుంది. తల తిప్పడానికీ బొమ్మ మారడానికీ మధ్య ఆలస్యం క్షణంలో యాభయ్యో వంతు దాటకూడదని ఈ రంగంలో పనిచేసేవారు లెక్కగా పెట్టుకుంటారు. ఐదుగురూ ఒకేసారి కాల్చినప్పుడు ఇక్కడి కంప్యూటర్లు ఆ వేగాన్ని అందుకోలేకపోయాయని, బొమ్మ తడబడిన తీరే చెప్పింది. అదే నడవాలో నిశ్చలంగా నిలబడిన నిమిషాల్లో బొమ్మ అద్దంలా ఉంది, ఎవరికీ ఏ వికారమూ కలగలేదు. యంత్రానికి కూడా నిలబడటమే వచ్చినట్టుంది.

కాసేపు మజ్జిగ తాగి కూర్చున్నాక, మేనకోడలు తన వల్లే అందరం చచ్చామని కళ్లనీళ్లు పెట్టుకుంది. సరే అని మళ్లీ డబ్బు కట్టాం. రెండోసారి మనిషికి యాభై తగ్గించారు. ఈసారి ఒడియా కుర్రవాళ్లతో సహా అందరికీ నా ఎన్.సి.సి. పాఠం ఐదు నిమిషాల్లో చెప్పాను: వేలు పక్కకు చాచి ఉంచండి, మూతిని ఒక్కసారిగా కాక బెత్తెడు బెత్తెడు దించండి, ఒకరి తరువాత ఒకరు దించండి, ఆమె ఏదైనా అంటే అనువాదం చెవిన పడేదాకా కదలకండి. సహాయకుడు ఈ పథకం విని నవ్వాడు గాని, అడ్డు చెప్పలేదు.

రెండో ఆటలో ఏడు నిమిషాల ఇరవై క్షణాల పాటు ఒక్క తూటా పేలలేదు. మొదట నేను దించాను, నాయకురాలు దించలేదు. ఆ తరువాత ఒడియా కుర్రవాడు దించాడు, ఆమె వెనక నిలబడ్డవారిలో ఒకడు దించాడు. మేనకోడలు దించడానికి చాలాసేపు పట్టింది, దించే ముందు "అత్తా, దించెయ్యనా?" అని రెండుసార్లు అడిగింది. చివరికి మేనల్లుడు ఒక్కడే ఎత్తి పట్టుకుని ఉన్నాడు, అటువైపు నాయకురాలు ఒక్కతే. గడియారంలో నాలుగు నిమిషాలు కూడా లేవు. ఆమె ఏదో అంది. సహాయకుడు ఈసారి వెంటనే చెప్పలేదు. కావాలనే ఆగాడో, అతనికీ అర్థం కాలేదో ఇప్పటికీ తెలియదు. చివరికి చెవుల్లో వినిపించింది: "బాబూ, ఆవిడ మీ పేరు అడుగుతంది." మేనల్లుడు తుపాకీ దించి, ఆటకు మాటలు అర్థం కావని తెలిసి కూడా, గట్టిగా తన పేరు చెప్పాడు. ఆమె దించింది. తలుపు తెరుచుకుంది, ప్రాణవాయువు సీసాలు పంచుకున్నారు, పదిమందీ బతికారు. ఇంతటి క్షణాన్ని ఇచ్చిన ఆటను తక్కువ చేసి మాట్లాడలేను.

హెడ్‌సెట్లు తీసి బయటకు వచ్చి ఫలితాల తెర చూశాం. ఐదుగురి పేర్ల ఎదుటా సున్నా ఉంది. మొదటి ఆటలో అందరినీ చంపించి చచ్చిన మా బృందానికి 3,200 వచ్చాయి. రెండో ఆటతో, ఆ రోజు ఆడిన బృందాలన్నిటిలో మాది అట్టడుగు. ఒక్కొక్క శత్రువును కూల్చినందుకు ఇన్ని, తలకు తగిలితే ఇన్ని అని మార్కులు. తలుపు తెరిచినందుకు గాని, బతికి బయటపడినందుకు గాని, ఎదుటివారిని బతకనిచ్చినందుకు గాని ఏమీ లేవు. పదకొండు నిమిషాలు కాల్చకుండా ఉండేలా కథ రాసినవారూ, కాల్చినవాటికే మార్కులు వేసినవారూ ఒకే సంస్థలో వేర్వేరు గదుల్లో కూర్చుని ఎన్నడూ కలుసుకోలేదేమో. కౌంటరు దగ్గర ఉన్న యజమానిని అడిగితే, "మేడం, పిల్లలు కాల్చడానికే వస్తారు" అన్నారు. మార్కుల పద్ధతి మార్చే వీలు తమ చేతిలో లేదని, ఆటను అద్దెకిచ్చిన సంస్థే మార్చాలని కూడా చెప్పారు. అది నిజమే కావచ్చు. కాని ఆ తెరను గది వాకిట్లో అందరికీ కనిపించేలా వేలాడదీసింది తామే. తలుపు తెరిచిన బృందాల పేర్లు పక్కనే ఒక బల్ల మీద సుద్దముక్కతో రాసినా సరిపోతుందని చెప్పి వచ్చాను.

మిగిలిన సౌకర్యాల గురించి క్లుప్తంగా. హెడ్‌సెట్ బరువు అర కిలో దాకా ఉంటుంది. ముఖానికి ఆనే స్పాంజి ముందువారి చెమటతో తడిగానే ఉంది, అడిగాక కాగితపు తొడుగు ఇచ్చారు, అడగకముందు ఇవ్వలేదు. కళ్లద్దాలు ఉన్నవారికి మధ్యలో పెట్టే ప్లాస్టిక్ చట్రం ఒకటే ఉంది, ఐదుగురిలో ఇద్దరికి అద్దాలు ఉంటే ఒకరు లేకుండా ఆడవలసిందే. రెండు కనుపాపల మధ్య దూరానికి తగినట్టు హెడ్‌సెట్ లోపలి అద్దాలను జరపాలి. పెద్దలకు జరిపి ఉంచినదాన్ని పిల్లలకు అలాగే పెడుతున్నారు, మేనకోడలికి మొదటి ఆటలో అన్నీ రెండుగా కనిపించాయని తరువాత చెప్పింది. మీరే అడిగి సరిచేయించుకోండి. మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. మా ఆట నడుస్తుండగా ఒకసారి కరెంటు పోయింది గాని, ఇన్వర్టరు వెంటనే అందుకుంది. నడవాలో ఉన్న దీపాలు ఒక్కసారి మిణుకుమనడం కథలో భాగమే అనుకున్నాం.

ఒంటరిగా వెళ్లకండి, ఐదుగురూ తెలిసినవారైతే మరీ మంచిది, తెలియనివారితో కలిపినా భయపడనక్కరలేదు. కాల్పుల కోసమే అయితే ఇంతకంటే చవకగా, ఇంతకంటే మంచి ఆటలు ఇంట్లో ఫోనులోనే ఉన్నాయి. నడవా ఘట్టం కోసం అయితే తప్పక వెళ్లండి. డబ్బు కట్టే ముందే, తెలుగులో చెప్పే సహాయకుడు ఆ పూట ఉన్నాడో లేదో కనుక్కోండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఏడు దాకా అతను ఉంటాడు. ఆదివారం అతనికి సెలవు. ఏడు దాటాక వచ్చే మరొకతను మర్యాదస్తుడే గాని, మైకు ముట్టుకోడు.